లండన్–పారిస్ సైకిల్ రైడ్‌కి స్పాన్సర్: అందరి దగ్గరా పోగేసి ఒకరే కట్టొచ్చా?

రెడింగ్‌వాసి:
ఫ్రెండ్ ఒకడు క్యాన్సర్ రీసెర్చ్ యూకే కోసం లండన్ నుంచి పారిస్‌కి నాలుగు రోజుల రైడ్ చేస్తున్నాడు. జస్ట్‌గివింగ్ (ఆన్‌లైన్‌లో విరాళాలు పోగుచేసే సైటు) పేజీ లింకు పంపాడు. గ్రూపులో పన్నెండు మందిమి, తలా 20 పౌండ్లు. అందరూ నాకు పంపేస్తే నేనొక్కడినే 240 కట్టి గిఫ్ట్ ఎయిడ్ టిక్ పెడదామనుకుంటున్నా. మాలో ఇద్దరు స్టూడెంట్లు, ఒకావిడకి ఇంకా ఉద్యోగం లేదు. శనివారం బిర్యానీ బాక్సులు అమ్మి ఆ డబ్బూ కలుపుదామని ఇంకో ప్లాను. హైదరాబాద్ నుంచి ఒకతను పదివేల రూపాయలు వేస్తానంటున్నాడు. ఎక్కడన్నా తేడా కొడుతుందా?

చందాపద్దు:
మొదటి అడుగే తేడా అండీ. పోగేయకండి.

గిఫ్ట్ ఎయిడ్ అంటే మీరు కట్టిన ఇన్‌కమ్ ట్యాక్స్‌లోంచి ప్రభుత్వం చారిటీకి పౌండుకి 25 పెన్నీలు కలపడం. మీ సొంత డబ్బుకే అది వర్తిస్తుంది. పదకొండు మంది డబ్బు మీ పేరు మీద టిక్ పెడితే డిక్లరేషన్ తప్పవుతుంది. టిక్ పెట్టకపోతే 240 మీద 60 దాకా రావాల్సింది పోతుంది. ఎవరి కార్డుతో వాళ్లు, ఎవరి ఫోన్లో వాళ్లు కడితే రెండు నిమిషాల పని.

స్టూడెంట్ల సంగతి: వీసా ఏదన్నది కాదు, ట్యాక్స్ కట్టారా లేదా అన్నదే లెక్క. పార్ట్‌టైమ్ జీతం ఏడాదికి 12,570 దాటకపోతే ఇన్‌కమ్ ట్యాక్స్ ఉండదు, కాబట్టి టిక్ వద్దు. నేషనల్ ఇన్సూరెన్స్, వ్యాట్ కట్టాం కదా అంటే కుదరదు. 20 పౌండ్లకి టిక్ పెడితే 5 పౌండ్ల ట్యాక్సయినా కట్టి ఉండాలి, లేదంటే ఆ తేడా హెచ్ఎంఆర్‌సీ (యూకే పన్నుల శాఖ) వాళ్లనే అడుగుతుంది. ఉద్యోగం లేనావిడ తరఫున ట్యాక్స్ కట్టే వాళ్లాయన ఉంటే, తన డబ్బు తన పేరు మీదే ఇస్తే సరి.

ఇంకోటి, మనవాళ్లకే వచ్చే చిక్కు: ఇంటిపేరు, ఇనిషియలు. పేస్లిప్‌లో సర్‌నేమ్ ఎలా ఉందో పేజీలోనూ అలాగే కొట్టండి. అడ్రస్ ఇంటిదే ఉండాలి, డోర్ నంబరూ పోస్ట్‌కోడూ కలిపి. ఆఫీసు అడ్రస్ పనికిరాదు.

బాక్స్‌బిర్యానీ:
ధర పెట్టి అమ్మిన బాక్సు అమ్మకమే, విరాళం కాదు. ఎనిమిది పౌండ్లు పెట్టి కొన్నవాళ్లకి బిర్యానీ వచ్చేసింది కదా! రాఫెల్ టికెట్లూ అంతే. ఆ డబ్బు పేజీలో వేయండి, కానీ గిఫ్ట్ ఎయిడ్ లేకుండా, "శనివారం బిర్యానీ" అని మెసేజ్ రాసి. లెక్క అందరికీ కనిపిస్తుంది.

కట్టేటప్పుడు కింద ప్లాట్‌ఫామ్‌కి టిప్పు స్లైడర్ ఒకటి ముందే జరిపి ఉంటుంది. అది చారిటీకి వెళ్లదు. ఇష్టముంటే ఉంచండి, లేదంటే సున్నాకి లాగేయండి.

రెడింగ్‌వాసి:
థాంక్సండీ. వాడి హోటలూ ఫెర్రీ ఖర్చు మన డబ్బులోంచే పోతుందా? గ్రూపులో వాడి అన్నయ్య కూడా ఉన్నాడు.

చందాపద్దు:
అడగాల్సిన ప్రశ్నే. ఇలాంటి రైడ్లలో సాధారణంగా రెండు పద్ధతులు. సెల్ఫ్ ఫండెడ్ అయితే ట్రిప్ ఖర్చంతా అతనే పెట్టుకుంటాడు, మీరిచ్చింది చారిటీకే. మినిమమ్ స్పాన్సర్‌షిప్ అయితే అతను రిజిస్ట్రేషన్ ఫీజు కట్టి ఇంత పోగుచేస్తానని ఒప్పుకుంటాడు, అందులోంచే చారిటీ ట్రిప్ ఖర్చు భరిస్తుంది. ఏదో అతన్నే మొహమాటం లేకుండా అడగండి.

రెండోదైతే అన్నయ్య టిక్ పెట్టకూడదు. తల్లిదండ్రులు, భార్య, పిల్లలు, తోబుట్టువులు, వాళ్ల భార్యాభర్తలు "కనెక్టెడ్" కిందికి వస్తారు. తమ్ముడి ట్రిప్పు అన్నయ్యకి అందిన ప్రయోజనంగా లెక్కేస్తారు. ఫ్రెండ్స్‌కి ఈ గొడవ లేదు.

నలభైశాతం:
40 శాతం ట్యాక్స్ కట్టేవాళ్లు చాలామంది గిఫ్ట్ ఎయిడ్ లాభంలో సగం వదిలేసుకుంటున్నారు. మీరు 100 ఇస్తే చారిటీకి 125. ఆ 125లో 20 శాతం, అంటే 25 పౌండ్లు మీకు వెనక్కి వస్తాయి. దానంతట అదే రాదు. సెల్ఫ్ అసెస్‌మెంట్‌లో (మనమే వేసే ట్యాక్స్ రిటర్న్) చూపించాలి, లేదా హెచ్ఎంఆర్‌సీకి చెప్పి ట్యాక్స్ కోడ్ మార్పించుకోవాలి. రసీదు ఈమెయిల్ దాచుకోండి.

జీతం లక్ష పౌండ్ల గట్టు మీద ఉన్నవాళ్లకి ఇది ఇంకా పెద్ద విషయం. ఇంకే లెక్కలూ లేకుండా ఆదాయం 1,00,500 అయితే, 400 ఇస్తే 500 కింద లెక్కకట్టి తీసేస్తారు. దాంతో ఆదాయం లక్ష దాటనట్టే, కాబట్టి పిల్లల ట్యాక్స్ ఫ్రీ చైల్డ్‌కేర్ (పిల్లల్ని చూసుకునే ఖర్చుకి ప్రభుత్వ సాయం) చేజారదు.

ఆఫీసులో మ్యాచింగ్ (విరాళానికి కంపెనీ కూడా తన వంతు కలపడం) ఉందేమో కూడా కనుక్కోండి. చాలాచోట్ల రైడ్ చేసే ఉద్యోగి పోగుచేసిన మొత్తానికే ఇస్తారు, అంటే అప్లై చేయాల్సింది మీ ఫ్రెండే. రైడ్‌కి ముందే అప్రూవల్ అడిగే కంపెనీలూ ఉంటాయి.

కూకట్‌పల్లి:
హైదరాబాద్ నుంచి వేసేవాళ్లకి గిఫ్ట్ ఎయిడ్ లేదు (వాళ్లు యూకే ట్యాక్స్ కట్టకపోతే), 80జీ (విరాళం మీద ఇండియాలో ఇచ్చే ఇన్‌కమ్ ట్యాక్స్ మినహాయింపు) కూడా లేదు. 80జీ ఆమోదం ఉన్న ఇండియా సంస్థలకే, అదీ పాత ట్యాక్స్ పద్ధతిలో. కార్డుకి ఫారెక్స్ మార్కప్ (కరెన్సీ మార్చినందుకు బ్యాంకు వేసే చార్జీ), దాని మీద 18 శాతం జీఎస్టీ. మార్కప్ 3.5 శాతం అయితే పదివేలకి 413 రూపాయలు చార్జీకీ జీఎస్టీకే.

ఫ్రెండ్ పేజీలో పేరు ఉండాలంటే వెయ్యి వేసి, మిగతా తొమ్మిది వేలు ఇక్కడి క్యాన్సర్ ఆసుపత్రి ఏదైనా 80జీ ఉన్నదానికి యూపీఐలో ఇవ్వమనండి. నగదు వద్దు, 2,000 దాటితే మినహాయింపు రాదు. పాన్ ఇచ్చి, ఏడాది అయ్యాక ఫారం 10బీఈ (సంస్థ ఇచ్చే విరాళం సర్టిఫికెట్) అడిగి తీసుకోవాలి.