అప్‌డేట్: నాన్నగారి పాత ఐప్యాడ్ చివరికి అప్‌డేట్ అయింది

పోయిన వారం అడిగాను కదా, నాన్నగారి ఐప్యాడ్ ఎయిర్ 2 (2014 మోడల్, 16 జీబీ) సాఫ్ట్‌వేర్ వెర్షన్ 12 దగ్గరే ఆగిపోయింది, అప్‌డేట్ నొక్కితే చాలు స్థలం చాలదంటోందని. పని అయిపోయింది.

ఫొటోలు చెరిపేయమని చాలామంది చెప్పారు, చెరిపాను, అయినా చాలలేదు. కంప్యూటర్‌కి కలిపి ఐట్యూన్స్ (ఆపిల్ వాళ్ల కంప్యూటర్ ప్రోగ్రామ్) ద్వారా చేయమని ఒకరన్నారు చూడండి, అదే పని చేసింది, ఎందుకంటే అప్‌డేట్ ఫైలు ముందు కంప్యూటర్‌లోకి దిగుతుంది కాబట్టి ట్యాబ్‌లో అంత ఖాళీ అక్కర్లేదు. ముందు బ్యాకప్ తీసుకున్నాను. ఇక్కడో గంట వృథా అయింది, నా దగ్గరున్న కేబుల్ ఛార్జింగ్‌కి మాత్రమే పనికొచ్చే రకం, కంప్యూటర్ అసలు ట్యాబ్‌నే గుర్తించలేదు, పక్కింటి అబ్బాయి కేబుల్ పెట్టగానే ‘ఈ కంప్యూటర్‌ని నమ్మాలా?’ అని ట్యాబ్ అడిగింది. ‘రీస్టోర్’ నొక్కకండి, అది అంతా తుడిచేస్తుంది. ‘అప్‌డేట్’ మాత్రమే. మధ్యలో స్క్రీన్ నల్లగా అయిపోయి పావుగంట కదల్లేదు, టెన్షన్‌తో చచ్చాను.

ఇప్పుడు ఐప్యాడ్‌ఓఎస్ (ఐప్యాడ్ సాఫ్ట్‌వేర్) 15 మీద ఉంది. ఈ మోడల్‌కి వెర్షన్ 16 రాదు, ఇక వెతకను. కొంచెం నెమ్మదించింది, కీబోర్డు రావడానికి ఒక్క క్షణం పడుతుంది, కానీ ఇన్‌స్టాల్ కానన్న బ్యాంకు యాప్ ఇప్పుడు ఎక్కింది.

నాన్నగారు మాత్రం తీసుకోగానే అడిగింది ఒక్కటే: “నా పేకాట ఎక్కడ్రా?” రెండో పేజీలో ఉంది.