సన్నీవేల్‌కి కొత్త, ఇద్దరు పిల్లల్ని 2025 అక్టోబర్‌లో స్కూల్లో వెయ్యాలి

కొత్తగా వచ్చిన నాన్న:
అందరికీ నమస్కారం అండీ. గత వారమే కూకట్‌పల్లి నుంచి కాలిఫోర్నియాలోని సన్నీవేల్ వచ్చాం. బాబు పుట్టింది 2019 సెప్టెంబర్ 12, అక్కడ ఒకటో తరగతి. పాప 2021 జూలై 25, నర్సరీ. ఇప్పుడు కంపెనీ ఇచ్చిన టెంపరరీ ఫ్లాట్‌లో ఉన్నాం, అపార్ట్‌మెంట్ వెతుకుతున్నాం. స్కూల్లో చేర్చడానికి ఏమేం కావాలి? సంక్రాంతికి ఊరెళ్లాలి, స్కూల్ మానితే ఇబ్బందా?

పాతకాపు, కూపర్టినో:
ముందు ఇల్లు, తర్వాతే స్కూలు. సన్నీవేల్ అడ్రస్ ఉంటే సన్నీవేల్ స్కూల్ డిస్ట్రిక్టే (ఒక ప్రాంతంలో పబ్లిక్ స్కూళ్లని నడిపే సంస్థ) అనుకోకండి. ఊరు ఒకటే, కానీ కొన్ని వీధులు సన్నీవేల్ డిస్ట్రిక్ట్‌లో, కొన్ని కూపర్టినో యూనియన్‌లో, ఇంకొన్ని శాంటా క్లారా యూనిఫైడ్‌లో ఉంటాయి. లీజ్ మీద సంతకం పెట్టకముందే డిస్ట్రిక్ట్ సైట్‌లో ఇంటి నంబర్‌తో సహా అడ్రస్ కొట్టి చూడండి. లీజింగ్ ఆఫీసులో అమ్మాయి "గుడ్ స్కూల్స్" అంటే అది నోటిమాట. ఇంకోటి, అడ్రస్ ప్రకారం స్కూల్ మీదే అయినా ఆ క్లాసు నిండిపోతే అదే డిస్ట్రిక్ట్‌లో మరో స్కూల్‌కి పంపొచ్చు. మధ్యలో చేరేవాళ్లకి ఇది మామూలే. ఫోన్ చేసినప్పుడు "కిండర్‌గార్టెన్‌లో, టీకేలో (కిండర్‌గార్టెన్‌కి ముందు ఏడాది) సీటుందా, లేకపోతే ఎక్కడికి పంపుతారు" అని సూటిగా అడగండి.

బాబుది కిండర్‌గార్టెనే. సెప్టెంబర్ 1 నాటికి ఆరేళ్లు నిండితేనే ఒకటో తరగతి, మీవాడికి 11 రోజులు తక్కువ. అక్కడి ప్రోగ్రెస్ రిపోర్ట్ చూపించి వాదించడం టైమ్ వేస్ట్. పాపకి మాత్రం అదృష్టం, 2025-26 నుంచి సెప్టెంబర్ 1కి నాలుగేళ్లు నిండిన ప్రతి బిడ్డకీ ట్రాన్సిషనల్ కిండర్‌గార్టెన్ ఉంది. దాన్నే ఇక్కడ టీకే అంటారు.

కాగితాలు: పుట్టిన తేదీకి పాస్‌పోర్ట్ లేదా బర్త్ సర్టిఫికెట్, అడ్రస్‌కి మామూలుగా రెండు రుజువులు, అంటే లీజు, పీజీ అండ్ ఈ (కరెంటు, గ్యాస్ కంపెనీ) బిల్లు లాంటివి, టీకాల రికార్డు. టెంపరరీ ఫ్లాట్ లెటర్ ఒకచోట ఒప్పుకుంటారు, ఇంకోచోట ఒప్పుకోరు, ముందే కనుక్కోండి. సోషల్ సెక్యూరిటీ నంబర్ గానీ వీసా గానీ చూపించాల్సిన పని లేదు. ఏ స్టేటస్ పిల్లలకైనా పబ్లిక్ స్కూల్ తలుపు తెరవాల్సిందేనని 1982లోనే సుప్రీంకోర్టు చెప్పేసింది.

హైస్కూల్ సంగతి మీరు అడగలేదు గానీ చెబుతున్నా. సన్నీవేల్, కూపర్టినో యూనియన్ డిస్ట్రిక్ట్‌లు ఎనిమిదో తరగతి వరకే. ఆ తర్వాతది ఫ్రీమాంట్ యూనియన్ హైస్కూల్ డిస్ట్రిక్ట్, దానికి వేరే బోర్డు. పేరు చూసి ఫ్రీమాంట్ ఊళ్లో ఉంటుందనుకునేరు.

టీకాల అమ్మ:
అన్నింటికన్నా ఎక్కువ మంది ఆగిపోయేది టీకాల దగ్గరే అండీ. ఇండియా కార్డులో ఎన్ని డోసులు ఉన్నా సరే, ఇక్కడ నాలుగు చోట్ల లెక్క తేడా కొడుతుంది.

మొదటిది తేదీ. మనం రోజు ముందు రాస్తాం, వీళ్లు నెల ముందు చదువుతారు. మీ పాపనే తీసుకోండి. ఏడాది నిండగానే 2022 ఆగస్టు 7న చికెన్‌పాక్స్ టీకా వేయించి, కార్డులో 07/08/22 అని రాశారనుకుందాం. ఇక్కడ కంప్యూటర్‌లో అది జూలై 8 అవుతుంది, అంటే మొదటి పుట్టినరోజుకి 17 రోజుల ముందు. నాలుగు రోజుల వరకు సడలింపు ఉంది గానీ 17కి లేదు. ఆ డోసు కొట్టేస్తారు, మీకేమో ఎందుకో అర్థం కాదు. అందుకని నెల పేరు అక్షరాల్లో రాసిన లిస్టు ఒకటి తయారు చేసి కార్డుతో జత చెయ్యండి.

రెండోది ఎంఎంఆర్, అంటే తట్టు, గవదబిళ్లలు, రుబెల్లాకి కలిపి వేసే టీకా. రెండు డోసులు కావాలి, రెండూ మొదటి పుట్టినరోజు తర్వాతే. మనవాళ్లు తొమ్మిదో నెలలో వేసేది లెక్కలోకి రాదు. పదిహేనో నెలది ఒకటి, నాలుగు నుంచి ఆరేళ్ల మధ్యది ఇంకోటి. గవర్నమెంట్ కార్డులో ఎంఆర్ అని ఉంటే అందులో గవదబిళ్లల టీకా లేదు, మళ్లీ ఎంఎంఆర్ అడుగుతారు.

మూడోది పోలియో. పల్స్ పోలియో చుక్కలు ఎన్నిసార్లు వేయించినా సున్నాయే. 2016 ఏప్రిల్ 1 తర్వాత వేసిన చుక్కల మందు రెండు రకాల వైరస్‌కే, ఇక్కడ మూడు రకాలకీ ఉన్న దాన్నే లెక్కిస్తారు. మీ పిల్లలకి ఐపీవీ, అంటే పోలియో ఇంజెక్షన్లు నాలుగుండాలి, ఒకటి నాలుగేళ్లు నిండాక పడుంటే మూడు చాలు. హెక్సావేలెంట్ (ఆరు జబ్బులకి ఒకే ఇంజెక్షన్) వేయించి ఉంటే అందులో ఐపీవీ ఉంటుంది, సీసా స్టిక్కర్ కార్డు మీద ఉంటే భద్రంగా ఉంచండి.

నాలుగోది డీటీపీ (కంఠసర్పి, ధనుర్వాతం, కోరింత దగ్గు టీకా): ఐదు డోసులు, నాలుగేళ్లు దాటాక ఒకటి పడుంటే నాలుగు. హెపటైటిస్ బి మూడు, చికెన్‌పాక్స్ రెండు. పాపకి నాలుగేళ్ల బూస్టర్లు ఇంకా వేయించలేదేమో చూడండి.

అన్నీ పూర్తి కాకపోయినా, తర్వాతి డోసుకి ఇంకా గడువుంటే షరతు మీద చేర్చుకుంటారు. ఆ గడువు దాటితే మాత్రం ఇంటికి పంపేస్తారు. "మాకు నమ్మకం లేదు" అనే మినహాయింపు 2016లోనే పోయింది. లైవ్ టీకాలు (బలహీనం చేసిన బతికున్న వైరస్ ఉండేవి) రెండు, అంటే ఎంఎంఆర్, చికెన్‌పాక్స్, ఒకేరోజు వేయించండి. లేదంటే మధ్యలో 28 రోజులు ఆగాలి.

సన్నీవేల్ ఉన్న శాంటా క్లారా కౌంటీలో టీబీ రిస్క్ ఫారం కూడా ఉంది, డాక్టరే నింపాలి. ఇండియాలో పుట్టారంటేనే రిస్క్ కింద లెక్క కాబట్టి పరీక్ష తప్పదు. బీసీజీ (టీబీ టీకా) వేయించుకున్న పిల్లలకి చర్మం మీద చేసే పరీక్ష ఉత్తినే పాజిటివ్ చూపించొచ్చు, ఆ తర్వాత ఎక్స్‌రే చుట్టూ తిరగాలి. రక్తపరీక్ష చెయ్యమని మొదటే అడగండి.

జీడీపప్పు:
నా సలహా ఒక్కటే. చేర్చేటప్పుడు ఇంటి భాష ఫారం ఇస్తారు, నాలుగు ప్రశ్నలు. అన్నింటికీ ఇంగ్లిష్ అని రాసెయ్యండి. తెలుగు అని రాశారో, పిల్లాడికి ఇంగ్లిష్ రాదన్న ముద్ర పడి ఐదో తరగతి దాకా పోదు.

టీచర్ పక్కింటాయన:
అన్నా, అట్ల చెప్పి కొత్తోళ్లని ఆగం చెయ్యకు. మొదటి మూడు ప్రశ్నల్లో దేనికి తెలుగు అన్నా ఎల్‌ప్యాక్ అనే ఇంగ్లిష్ పరీక్ష పెడతారు, చేరిన 30 రోజుల్లోపల. అందులో బాగా చేస్తే అక్కడికే అయిపాయె, ఏ ముద్రా లేదు. చెయ్యకపోతే రోజూ ఇంగ్లిష్ కోసం విడిగా కొంతసేపు పాఠం, ఫిబ్రవరి నుంచి మే మధ్య మళ్లీ పరీక్ష. అందులో 4వ స్థాయి వచ్చుడు, టీచర్ సరే అనుడు లాంటి షరతులన్నీ తీరితే బయటికొస్తరు. మంచి ఇంగ్లిష్ ఉన్న పిల్లలు కూడా మొదటిసారి ఎందుకు తప్పుతరంటే, తెలియని మనిషి ముందు కూర్చోబెట్టి బొమ్మ చూపించి "ఏం జరుగుతుంది, చెప్పు" అంటే నోరు తెరవరు. ఇంట్లో వారం రోజులు అదే ఆట ఆడించుండ్రి: బొమ్మ చూసి మాట్లాడుడు, విన్న కథ తిరిగి చెప్పుడు, "ఇది ఎందుకు ఇష్టం" అంటే కారణం చెప్పుడు. పాపకి ఇప్పుడు పరీక్షే లేదు, టీకే పిల్లల్ని 2024లో దీన్నుంచి తీసేసిండ్రు.

జీడీపప్పు:
రాసింది తర్వాత మార్చుకోవచ్చు కదా, ఇంత గొడవెందుకు?

టీచర్ పక్కింటాయన:
మార్చొచ్చు, పరీక్ష కాకముందు. అయినంక మార్చినా ఆ ముద్ర మారదు. ఇంట్ల తెలుగు మాట్లాడితే తెలుగనే రాయాలె.

హాజరు పట్టీ:
సంక్రాంతి సంగతి. జనవరి 5న స్కూల్ తెరిచి మీరు 16 దాకా ఊళ్లో ఉంటే పోయేది 10 రోజులు. ఏడాదిలో 10 శాతం గానీ అంతకన్నా ఎక్కువ గానీ మానితే దీర్ఘకాల గైర్హాజరు కింద రాస్తారు. అందరూ 180 రోజులకి 18 అని చెబుతారు, కానీ లెక్క పిల్లాడు చేరిన రోజు నుంచి. మీరు అక్టోబర్ చివర్లో చేరితే మిగిలేది దాదాపు 130 రోజులే అనుకోండి, అప్పుడు గీత 13 దగ్గర. ఊరి ప్రయాణానికి 10, చలికాలం జ్వరాలకి మూడు, అంతే. జ్వరానికి ఉత్తరం ఇచ్చినా ఈ లెక్కలో పడుతుంది. అది వేరు, ట్రూయన్సీ వేరు. కారణం లేకుండా మూడు రోజులు మానినా, మూడుసార్లు అరగంటకి మించి ఆలస్యమైనా ఇంటికి ఉత్తరం వస్తుంది.

దారి ఏంటంటే ఇండిపెండెంట్ స్టడీ. 15 స్కూల్ రోజుల్లోపు ప్రయాణమైతే ఆఫీసులో ఒప్పందం రాసిస్తారు, టీచర్ ఇచ్చిన పని పూర్తి చేసి తిరిగొచ్చాక అప్పజెప్పాలి. సగం చేస్తే సగం రోజులు ఆబ్సెంటే. టికెట్ కొన్న రోజే అడగండి, వెళ్లే ముందు రోజు అడిగితే టీచర్‌కి పని తయారు చేసే టైమ్ ఉండదు. మరీ ఎక్కువ రోజుల ప్రయాణమైతే పేరు తీసేసి తిరిగొచ్చాక మళ్లీ చేర్చమనొచ్చు, అప్పుడు అదే స్కూల్లో సీటు దొరుకుతుందన్న భరోసా లేదు.

దీపావళికి సెలవొచ్చిందని వాట్సాప్‌లో తిరుగుతోంది. ఏబీ 268 అనే రాష్ట్ర చట్టం మీద 2025 అక్టోబర్‌లో సంతకం అయింది, 2026 జనవరి 1 నుంచి అమలు. స్కూళ్లు మూసుకునే వీలు ఇచ్చిందే తప్ప మూసి తీరాలని లేదు, డిస్ట్రిక్ట్ క్యాలెండరే చూసుకోండి. సెలవు లేకపోయినా పండగకి ముందే ఉత్తరం రాస్తే ఆ రోజు ఎక్స్‌క్యూజ్డ్.

టీకాల అమ్మ:
మిగతావి గబగబా. రోజుకి రెండు భోజనాలు అందరికీ ఉచితం, 2022-23 నుంచి. శాకాహారం అయితే మెనూలో గుర్తు చూసి పిల్లలకి నేర్పండి. ఆదాయం ఫారం వస్తే నింపండి, మీకు భోజనం కోసం కాదు, స్కూల్‌కి వచ్చే డబ్బు కొంత దాని మీదే. పీటీఏ (తల్లిదండ్రులు, టీచర్ల సంఘం) డొనేషన్ ఇష్టమైతేనే, అది కట్టలేదని ఏ పిల్లాణ్ణీ ఫీల్డ్ ట్రిప్ నుంచి ఆపకూడదు. 2025-26 నుంచి కిండర్‌గార్టెన్, ఒకటి, రెండు తరగతుల్లో చదవడంలో ఇబ్బంది ఉందేమో చూసే పరీక్ష పెడుతున్నారు, నోటీసు వస్తే కంగారు పడకండి. ఫోన్ల మీద ప్రతి డిస్ట్రిక్ట్ 2026 జూలై 1 లోపు పాలసీ పెట్టాలని చట్టం, స్మార్ట్ వాచీ కూడా అందులో వస్తుందో లేదో అడగండి. క్రోసిన్ సీసా బ్యాగులో పెట్టకండి. ఏ మందైనా ఇక్కడి డాక్టర్, మీరు సంతకం చేసిన ఫారంతో మామూలుగా ఆఫీసులోనే ఉండాలి. తాతయ్య, నానమ్మ వస్తే పిల్లల్ని తీసుకెళ్లే వాళ్ల జాబితాలో పేర్లు ముందే ఎక్కించండి, లేకపోతే గేటు దగ్గర ఐడీ చూపించినా పంపరు.

కొత్తగా వచ్చిన నాన్న:
అందరికీ చాలా థ్యాంక్స్ అండీ. పాప కార్డు ఇప్పుడే తీశాను. చికెన్‌పాక్స్ దగ్గర 09/08/22 అని ఉంది! డాక్టర్ అపాయింట్‌మెంట్ వచ్చే బుధవారం.

టీకాల అమ్మ:
అది ఆగస్టు 9 కదా? వీళ్లు సెప్టెంబర్ 8 అని చదువుతారు, మొదటి డోసుకి నష్టం లేదు. రెండో డోసు తేదీ చూడండి, రెంటి మధ్య గడువు తక్కువైపోతుందేమో. బుధవారం డాక్టర్‌తో రాష్ట్ర టీకాల రిజిస్ట్రీలో నెల పేరు చూసి ఎక్కించమనండి, ఆ ప్రింట్ తీసుకునే బయటికి రండి.