యుద్ధ కథల్లో సైనికుడి భారం: అన్ని అంకెలు అవసరమా?

ప్రశ్న:

వియత్నాం యుద్ధం నేపథ్యంగా టిమ్ ఓబ్రియన్ రాసిన ‘ది థింగ్స్ దే క్యారీడ్’ (1990) చదివాను. మొదటి కథలో సైనికులు మోసే వస్తువులను రచయిత సరుకుల పట్టీ చదివినట్టు తూకాలతో సహా చెప్పుకుంటూ పోతాడు. బ్యాటరీతో కలిపి రేడియో 26 పౌండ్లు, తూటాలు ఎక్కించని మెషిన్‌గన్ 23 పౌండ్లు. అదే ధోరణిలో, దళ నాయకుడు లెఫ్టినెంట్ జిమ్మీ క్రాస్ దాచుకున్న, తాను ప్రేమించే మార్తా రాసిన ఉత్తరాలు 10 ఔన్సులు. భయాన్నీ దుఃఖాన్నీ సూటిగా చెప్పే వీలుండగా ఇన్ని అంకెలు అవసరమా? ఇతర యుద్ధ కథలు ఈ పని ఎలా చేశాయి?

సమాధానం 1:

అవసరమేనని నా అభిప్రాయం. ‘అతడు చాలా భయపడ్డాడు’ అని రాస్తే పాఠకుడు చదివి ముందుకు సాగిపోతాడు. ఆ దళంలోని సైనికుడు టెడ్ లావెండర్ విషయం చూడండి: గ్రెనేడ్ లాంచర్‌కు మామూలుగా 25 గుండ్లు మోసే చోట, భయస్తుడైన అతడు 34 మోస్తాడు. ఎక్కువైన ఆ తొమ్మిదే అతని భయానికి కొలత. వాటిలో ఒక్కటీ అతన్ని కాపాడదు. మూత్రవిసర్జనకు వెళ్లి తిరిగి వస్తుండగా తలకు తూటా తగిలి, ఆ బరువంతటితో కూలిపోతాడు. తాను మార్తా ఊహల్లో ఉండటంవల్లే ఇలా జరిగిందని నమ్మిన క్రాస్ ఆమె ఉత్తరాలను కాల్చివేస్తాడు. మూటలో పది ఔన్సులు తగ్గుతాయి, అపరాధభావం మాత్రం తగ్గదు. తూకాలు ముందే చెప్పి ఉండకపోతే ఈ తేడా మనకు ఇంతగా తగిలేది కాదు.

సమాధానం 2:

ఒక చిన్న అభ్యంతరం. వస్తువు కనిపించగానే దాన్ని ప్రతీకగా మార్చేసే తొందర మనకు ఎక్కువ. మొదటి ప్రపంచ యుద్ధంపై జర్మన్ రచయిత రెమార్క్ రాసిన నవల ‘ఆల్ క్వయట్ ఆన్ ద వెస్టర్న్ ఫ్రంట్’ (1929)లో కాలు తీసేసిన సైనికుడు కెమ్మెరిక్ మరణశయ్యపై ఉండగానే తోటి సైనికుడు ముల్లర్ అతని బూట్ల కోసం ఆరాటపడతాడు. అది కర్కశత్వం కాదు. మంచి బూట్లు దొరకని చోట నడవవలసిన కాళ్ల లెక్క అది. ముల్లర్ పోయాక అవి కథ చెప్పే పాల్‌కు చేరుతాయి, తన తర్వాత అవి మరో సహచరుడు జాడెన్‌కే అని పాల్ ముందుగానే మాట ఇచ్చి ఉంచుతాడు. మృత్యువు చేతులు మారుతోందని వ్యాఖ్యానించే ముందు, ఆ బూట్లు పాదాలకు సరిపోయాయా అన్నదే ఆ మనుషులకు ముఖ్యమని గుర్తించాలి.

ప్రశ్న అడిగినవారు:

ఇద్దరికీ ధన్యవాదాలు. అయితే మూటలో ఏ ఆనవాలూ లేని భారాన్ని రచయిత ఎలా చూపగలడు?

సమాధానం 3:

దానికి చంద్రధర్ శర్మ గులేరీ హిందీ కథ ‘ఉస్‌నే కహా థా’ (1915) చదవండి. మొదటి ప్రపంచ యుద్ధంలో ఫ్రాన్స్ కందకాల్లో ఉన్న లహనాసింగ్, జబ్బుపడ్డ తన సుబేదారు కొడుకు బోధాసింగ్‌కు తన కంబళ్లు కప్పి తాను చలిలో కాపలా కాస్తాడు. పక్కటెముకల్లో తూటా దిగినప్పుడు గాయంలో కందకపు తడిమట్టి కూరి, తలపాగా గుడ్డ నడుముకు బిగించి, ఎవరికీ చెప్పకుండా సుబేదారునూ బోధానూ బండిలో ముందుగా పంపించివేస్తాడు. అతడు మోస్తున్నది, తన భర్తనూ కొడుకునూ కాపాడమని సుబేదారు భార్య అడిగిన ఒక మాట. ఓబ్రియన్ బరువును మొదటి పుటలోనే తూచి చేతికిస్తే, గులేరీ అటువంటిది ఒకటుందని కూడా మనకు తెలియనివ్వడు. చివర్లో, జ్వరపు మగతలో లహనా గతం కదలాడినప్పుడే దాన్ని బయటపెడతాడు.