కళాశాల ఆర్కైవ్‌లోకి నగరాన్ని తీసుకురావడం ఎలా?

ప్రశ్న:
మా కళాశాల గ్రంథాలయంలోని పాత వార్షిక సంచికలను, ప్రవేశ రిజిస్టర్లను, పాలకవర్గ తీర్మానాల పుస్తకాలను, ఫోటోలను స్కాన్ చేయించి అందరికీ అందుబాటులో ఉంచాలని నిర్ణయించాం. అయితే విద్యార్థులకు గదులు అద్దెకిచ్చిన ఇళ్ళు, వార్షిక సంచికలు అచ్చువేసిన ప్రెస్సులు, కళాశాల కోసం స్థలం వదులుకున్న కుటుంబాలు వీటిలో ఎక్కడా కనిపించడం లేదు. నగరవాసుల దగ్గరున్న కాగితాలను, జ్ఞాపకాలను చేర్చడానికి ఎక్కడ మొదలుపెట్టాలో, ఏ సాఫ్ట్‌వేర్ వాడాలో తెలిసినవారు చెప్పవలసిందిగా కోరుతున్నాను.

మొదటి సమాధానం:
అమెరికాలోని జార్జ్ మేసన్ విశ్వవిద్యాలయ కేంద్రమొకటి 2008లో విడుదల చేసిన ఒమెకా అనే, సేకరణలను వెబ్‌లో ప్రదర్శించే సాఫ్ట్‌వేర్ ఉచితంగా దొరుకుతుంది. మీ అవసరానికి అది సరిపోతుంది. వివరాల నమోదుకు డబ్లిన్ కోర్ అనే ప్రామాణిక పట్టికలోని 15 అంశాలను వాడితే, రేపు సాఫ్ట్‌వేర్ మారినా శీర్షిక, తేదీ, హక్కులు వంటివి చెదరకుండా వెంట వస్తాయి. స్కాన్ చేసినవాటిని నాణ్యత తగ్గని టిఫ్ ఫైళ్ళుగా భద్రపరచి, వెబ్‌లో పరిమాణం తక్కువుండే జేపెగ్ ప్రతులను పెట్టండి.

రెండవ సమాధానం:
సాఫ్ట్‌వేర్ వారం రోజుల పని. నమ్మకం కుదరడానికి ఏళ్ళు పడుతుంది. ఏదో ఉత్సవ సంచిక కోసం ఇచ్చిన ఫోటో తిరిగి రాలేదన్న అనుభవం చాలా ఇళ్ళలో ఉంటుంది కనుక, దేన్నీ కళాశాలకు తరలించకండి. 1981లో జెరాల్డ్ హామ్ అనే ఆర్కివిస్టు ముందుకు తెచ్చిన 'పోస్ట్‌కస్టోడియల్' ఆలోచన క్రమంగా విస్తరించి, అసలు కాగితం యజమాని దగ్గరే ఉండగా ప్రతిని మాత్రమే తీసుకునే పద్ధతికి దారితీసింది. స్కానర్‌ను వారి వీధికే తీసుకెళ్ళి, వారి కళ్ళ ముందే పని ముగించి, వారికీ ఒక ప్రతి ఇవ్వండి. ఫోటో వెనుక రాసినది కూడా స్కాన్ చేయడం మరవకండి. పేర్లూ తేదీలూ తరచుగా అక్కడే ఉంటాయి. ఫోటో చేతిలో ఉన్నంత మాత్రాన దాని కాపీరైటు కూడా వారిదే కానక్కరలేదు కాబట్టి, అంగీకార పత్రంలో ఆ రెండింటినీ విడివిడిగా అడగాలి.

ఇక జ్ఞాపకాల సంగతి. 1948లో చరిత్రకారుడు ఆలన్ నెవిన్స్ అమెరికాలోని కొలంబియా విశ్వవిద్యాలయంలో మౌఖిక చరిత్ర (మనుషుల జ్ఞాపకాలను వారి మాటల్లోనే నమోదు చేయడం) సేకరణ ప్రారంభించినప్పుడు ప్రముఖులకే పెద్దపీట దక్కింది. మీరు కూడా విశ్రాంత ప్రిన్సిపాళ్ళతో మొదలుపెడితే మళ్ళీ గోడల లోపలే ఉండిపోతారు. స్థలసేకరణ వంటి ఒక్క ఘటనను ఎంచుకుని, దానిపై పాలకవర్గం చేసిన తీర్మానాన్నీ ఆ కుటుంబాల దగ్గరున్న కాగితాన్నీ ఒకే పేజీలో చూపించండి.

మూడవ సమాధానం:
ప్రవేశ రిజిస్టర్ల విషయంలో నాకు అభ్యంతరం ఉంది. వాటిలో జీవించి ఉన్నవారి పుట్టిన తేదీలు, చిరునామాలు, తల్లిదండ్రుల వివరాలు ఉంటాయి. స్కాన్ చేసి దాచడం వేరు, వెబ్‌లో పెట్టడం వేరు. ఏ సంవత్సరం నుంచి ఏ సంవత్సరం వరకు రిజిస్టర్లున్నాయో మాత్రం ప్రకటించి, ఏదైనా తొలగించమని ఎవరైనా అడిగితే ఎవరు, ఎన్ని రోజుల్లో నిర్ణయిస్తారో ముందే రాసి ఉంచండి.

ప్రశ్న అడిగినవారు:
అందరికీ ధన్యవాదాలు. రిజిస్టర్లను ప్రస్తుతానికి పక్కన పెట్టి, స్థలసేకరణతోనే మొదలుపెడతాం. కుటుంబాల కాగితం మా తీర్మానంతో విభేదిస్తే, దేన్నీ సరిదిద్దకుండా రెండింటినీ పక్కపక్కనే ఉంచుతామని పాలకవర్గం చేత ముందుగానే ఒప్పించవలసి ఉంటుంది.