అప్‌డేట్: నోటీసు లేకుండా ఉద్యోగంలోంచి తీసేసిన విషయం తేలింది (విజయనగరం)

మిల్లులో 8 ఏళ్లు చేసిన మా తమ్ముణ్ణి 2024లో గేటు దగ్గరే ఆపేశారని, కాగితం ఏమీ ఇవ్వలేదని, ఏం చేయాలో ఇంతకుముందు ఇక్కడ అడిగాను. సలహాలిచ్చిన అందరికీ థాంక్స్. మళ్లీ పనిలోకి తీసుకున్నారు.

పనికొచ్చింది ‘ముందు పీఎఫ్ పాస్‌బుక్ తీయండి’ అన్న సలహా. తీసేసిన రోజుకి ముందు 12 నెలల్లో 240 రోజులు పనిచేసినట్టు చూపాల్సింది కార్మికుడే. పీఎఫ్ పాస్‌బుక్, బ్యాంకులో పడ్డ జీతం, ఈఎస్‌ఐ వివరాలు కలిపితే సరిపోయింది. అది రుజువైతే, అప్పటి పారిశ్రామిక వివాదాల చట్టం సెక్షన్ 25-ఎఫ్ ప్రకారం నెల నోటీసు గానీ నెల జీతం గానీ, దాంతోపాటు పనిచేసిన ప్రతి ఏడాదికి 15 రోజుల సగటు వేతనం పరిహారంగా ఇవ్వకుండా తీసేయడం చెల్లదు. లాయరు గారు పట్టుకున్నది ఈ పాయింటే.

అదే చట్టం సెక్షన్ 36(3) వల్ల కార్మిక శాఖ రాజీ చర్చల్లో కార్మికుడి తరఫున లాయరు మాట్లాడకూడదు. అందుకే అర్జీ ఆయన రాశారు, మాట్లాడింది యూనియన్ నాయకుడు. 45 రోజుల్లో తేలకపోతే సెక్షన్ 2-ఏ కింద నేరుగా విశాఖ లేబర్ కోర్టుకి వెళ్లేవాళ్లం. అంతదాకా రాలేదు. పాత సర్వీసు కలుపుతూ, పని లేకుండా ఉన్న కాలం జీతంలో సగం ఇచ్చేలా సెక్షన్ 12(3) కింద రాజీ ఒప్పందం రాసుకున్నారు. ‘సర్వీసు కొనసాగింపు’ అన్న మాట అందులో ఉందో లేదో తప్పక చూసుకోండి. లేకపోతే గ్రాట్యుటీ లెక్క దగ్గర పేచీ వస్తుంది.

పోలీసు కంప్లయింట్, కలెక్టరేట్‌లో ‘స్పందన’ ఫిర్యాదుల కార్యక్రమంలో ఇచ్చిన అర్జీ ఎందుకూ పనికిరాలేదు.

ఇప్పుడు వెతుకుతున్నవాళ్లకి: 2025 నవంబర్ 21 నుంచి కొత్త పారిశ్రామిక సంబంధాల కోడ్ అమల్లో ఉంది, సెక్షన్ నంబర్లు మారాయి. వివాదం మొదలైన 2 ఏళ్లలోపే రాజీ చర్చలకి వెళ్లాలి.