‘రక్తవిరేచనాలు’ అని రాయొచ్చా?

ప్రశ్న (తిరుపతి): ఆస్పత్రి కరపత్రానికి తెలుగు చూస్తున్నాం. మలద్వారం నుంచి ఎర్రటి నెత్తురు పడడాన్ని ‘రక్తవిరేచనాలు’ అనొచ్చా?

చిత్తూరు నుంచి: వద్దండి. ఆ మాట వింటే మనవాళ్లకు రగతబేదులే గుర్తొస్తాయి. అంటే జిగట, జ్వరం, మెలిపెట్టే నొప్పి, పోయొచ్చినా ఇంకా పోవాలనిపించడం. పెద్దపేగు గోడలో ఉబ్బిన చిన్న సంచుల దగ్గర రక్తనాళం చిట్లితే సాధారణంగా నొప్పీ ఉండదు, బేదులూ ఉండవు. ఉత్త నెత్తురు, గడ్డలు పడతాయి. ‘నెత్తురు పడడం’ చాలు.

మదనపల్లె నుంచి: ‘మొలలు’ అంటే అందరికీ తెలుస్తుంది కదా?

చిత్తూరు: తెలియడమే చిక్కు! మొలలు జబ్బు పేరు, నెత్తురు లక్షణం. ఏ నెత్తురు కనబడినా ‘మొలలేలే’ అని ఊరుకుంటారు. (తమిళంలో ‘మూలం’, మన మూలశంకకు చుట్టమే.) మొలల నెత్తురు మలం మీద పూతలానో, చివర్లో బొట్లుగానో, సాధారణంగా నొప్పి లేకుండా పడుతుంది. బ్లేడుతో కోసినట్టు నొప్పి ఉంటే ఎక్కువగా మలద్వారం దగ్గర చీలిక. నెత్తురు మలంలో కలిసిపోయి, ఒంటి బరువు తగ్గుతూ, దొడ్డికి పోయే అలవాటు మారితే పేగు లోపల చూడాల్సిందే. మొలలున్నవాళ్లకు పేగు క్యాన్సర్ రాదనేం లేదు.

తిరుపతి: నల్లగా పడేదాన్నీ ఇందులోనే కలపొచ్చా?

చిత్తూరు: వేరే పేరా పెట్టండి. తారులా జిగురుగా, విపరీతమైన కంపుతో ఉంటే ఎక్కువగా కడుపు, చిన్నపేగు మొదలు నుంచి కారిన నెత్తురు. దారిలో అరిగి నల్లబడుతుంది. ఐరన్ మాత్రలకీ నలుపు వస్తుంది గానీ అలా అంటుకోదు. బీట్‌రూట్ తిన్నా ఎర్రగా పడొచ్చు. ఒక మెలిక ఉంది: పైనుంచి ధారగా కారితే నల్లబడే వ్యవధి దొరకదు, ఎర్రగానే వస్తుంది. అందుకని ‘ఎరుపైతే కింది పేగుదే’ అని రాయకండి.

మదనపల్లె: ఎప్పుడు పరుగెత్తాలో?

చిత్తూరు: లేచి నిలబడగానే కళ్లు తిరిగినా, చెమట పట్టినా, నాడి నిమిషానికి 100 దాటినా, గడ్డలు ఆగకుండా పడుతున్నా 108కి ఫోన్. మొదటి గంటల్లో హిమోగ్లోబిన్ మామూలుగానే ఉండొచ్చు. కణాలూ ద్రవమూ కలిసే పోతాయి కాబట్టి శాతం వెంటనే పడదు. ఆస్పిరిన్, డైక్లోఫెనాక్, రక్తం పలచబరిచే మాత్రలు వాడుతుంటే డాక్టరుకు చెప్పమనండి. గుండెకు వాడే మాత్రలు సొంతంగా ఆపొద్దని కూడా రాయండి.

తిరుపతి: అయితే ‘దొడ్డికి పోయేటప్పుడు నెత్తురు పడితే’ అని మొదలుపెడతాం.

చిత్తూరు: ‘పోయేటప్పుడు గానీ, పోకుండానే గానీ’ అనండి. బట్టలకు అంటినప్పుడే చూసుకునేవాళ్లూ ఉంటారు.