"శివుని ఆజ్ఞ లేనిదే చీమైనా కుట్టదు": ఇది నియతివాదమేనా?

మన విజయవాడ సభ్యులొకరు ఈ సామెత ఎత్తి, "అంతా ముందే రాసిపెట్టి ఉందని తెలుగువాడు నమ్ముతాడనడానికి ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి?" అని అడిగారు. అంతా ముందే ఖాయమైపోయిందనే ఆ నమ్మకమే నియతివాదం. ఈ సామెతలో అది ఉందంటే నేను ఒప్పుకోనండీ. సామెత అంత మాట అనలేదు.

వాక్యం కట్టిన తీరు చూడండి. "లేనిదే... కుట్టదు". ఆజ్ఞ లేకపోతే కుట్టడం జరగదు, అంతవరకే. ఆజ్ఞ ఉంటే చీమ కుట్టి తీరుతుందని ఎక్కడుంది? ప్రకాశం బ్యారేజీ నుంచి వదలనిదే పశ్చిమ డెల్టా కాలువలకు నీళ్లు రావు. వచ్చిన నీళ్లు ముందు ఏ మడికి పెట్టాలో తేల్చుకునేది మాత్రం తెనాలి రైతే.

నిజంగా దారి మూసేసే మాట వేరే ఉంది: "అంతా ఆయనే చేయిస్తున్నాడు". "చేయించు" అనగానే చేసేవాడు పనిముట్టు అయిపోతాడు. బుద్ధుడి కాలంలో ఆజీవకులనే సన్యాసుల శాఖకు గురువైన మక్ఖలి గోశాలుడు ఇంకా ముందుకెళ్లాడు. చేయించేవాడు కూడా అక్కర్లేదు, అంతా నియతే, మనిషి ప్రయత్నంతో ఏదీ మారదన్నాడు. నియతివాదమంటే అది.

ఈ తేడా నాకెందుకు పట్టింపంటే, 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు కట్టకు గండ్లు పడి విజయవాడలో సింగ్‌నగర్ మునిగినప్పుడు ఈ సామెత చాలామంది నోట విన్నాను. ఇల్లంతా బురదైపోయిన మనిషి ఆ మాట అనుకుంటే అది ఓదార్పు, తప్పుపట్టే హక్కు ఎవరికీ లేదు. కట్టల గురించి, వాగు దారిలో లేచిన కట్టడాల గురించి అడిగినప్పుడు కూడా అదే జవాబొస్తే మాత్రం నాకు కోపం వస్తుంది. ఆ గండ్లు పూడ్చింది మనుషులే కదా!

గుంటూరు నుంచి ఒకరు:
మాస్టారూ, మరి గీత 18వ అధ్యాయం 61వ శ్లోకం మాటేమిటి? "యంత్రారూఢాని" అన్నాడు. యంత్రం మీద ఎక్కించినట్టు ఈశ్వరుడే ప్రాణులన్నిటినీ తిప్పుతున్నాడని కదా అర్థం. ఇక చీమకేం స్వేచ్ఛ?

నా జవాబు:
మంచి శ్లోకం పట్టుకున్నారమ్మా. ఇంకో రెండు శ్లోకాలు ముందుకెళ్లండి. 63లో "విమృశ్యైతదశేషేణ యథేచ్ఛసి తథా కురు" అంటాడు. ఇదంతా బాగా ఆలోచించుకుని నీకెలా తోస్తే అలా చెయ్యి అని. తిప్పే యంత్రం ఒక్కటే నిజమైతే అర్జునుణ్ణి ఆలోచించుకోమనడం దేనికి? "నీకు జ్ఞానం చెప్పాను" అన్న వెంటనే వచ్చిన మాట కాబట్టి నా మటుకు దానికే బరువెక్కువ.

అదే అధ్యాయం 14వ శ్లోకం కూడా చూడండి. పని జరగడానికి ఐదు కారణాలు లెక్కపెట్టాడు: ఆశ్రయం (శరీరం), చేసేవాడు, సాధనాలు, రకరకాల ప్రయత్నాలు, ఐదోది దైవం. ఆ ఐదోది లేనిదే పని జరగదు అన్నంతవరకే మన సామెత. మిగతా నాలుగింటి ఊసే అది ఎత్తలేదు.